ఇంటి చావుకు సంతకం ఎవరు పెడతారు?

ముప్పై నాలుగేళ్ళుగా బందరులో వైద్యం చేస్తున్నాను. ఈ ఊళ్ళో ఎంతమంది చావులకు కాగితం రాసిచ్చానో లెక్క పెట్టుకోలేదు. ఆస్పత్రిలో పోతే ఒక ఫారం, ఇంట్లో పోతే 4ఎ ఫారం. పేరు, వయసు, పోయిన రోజు రాసేస్తే సరిపోదు. ప్రాణం తీసిన కారణం ఏమిటి, దానికి దారి తీసిన జబ్బు ఏమిటి, ఆ జబ్బుకు మూలం ఏమిటి, వరసగా రాయాలి. గుండె ఆగిపోయిందని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టకూడదు. గుండె అందరికీ ఆగుతుంది, అది ఎందుకు ఆగిందో చెప్పమంటుంది ఆ కాగితం. దిక్కూ మొక్కూ లేని మనిషికైనా ఆ మాత్రం మర్యాద ఉంది.

నిరుడు శ్రావణంలో పరాసుపేటలో ఒక ఇల్లు పోయింది. నూట అరవై ఏళ్ళు పైబడ్డ ఇల్లు. పొద్దున ఏడింటికి జేసీబీ వచ్చింది. భోజనాల వేళకల్లా మట్టి దిబ్బ మిగిలింది. సాయంత్రానికి టేకు దూలాలు, గుమ్మాలు, తలుపులు పాత కలప వ్యాపారి లారీ ఎక్కాయి. ఆ ఇంటికి వయసెంతో, ఎవరు కట్టించారో, ఏం చూసిందో, ఎందుకు పోయిందో ఎవరూ ఒక్క అక్షరం రాయలేదు. రాయాల్సిన బాధ్యత ఎవరికీ లేదట. ఆ మాట నాతో ఒక ఆఫీసు కుర్చీలో కూర్చున్న మనిషి, ముఖం ఫైలు మీంచి ఎత్తకుండా అన్నాడు. అప్పటి నుంచీ నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

ఆ ఇంటికి నేను పదహారేళ్ళు వెళ్ళాను. అక్కడ ఒక మామ్మగారు ఉండేవారు. బీపీ, మోకాళ్ళ నొప్పులు, చివరి రోజుల్లో గుండె నీరసం. వీధి నుంచి మూడు రాతిమెట్లు ఎక్కితే అరుగు, అరుగు దాటితే వసారా, లోపల మండువా. నాలుగు వైపులా టేకు స్తంభాలు, ఒక్కొక్కటి నా రెండు చేతుల చుట్టుకి అందనంత లావు. గానుగ సున్నంతో కట్టిన రెండడుగుల గోడలు. ఇసుకా సున్నం గానుగలో రుబ్బి, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిపి చేసిన ఆ సున్నం ఎండిన తరువాత వేలితో కొడితే గంటలా మోగేది. రోహిణీ కార్తెలో కూడా ఆ వసారాలో ఫ్యాను వేయాల్సిన అవసరం కనిపించేది కాదు.

నడవా గోడ మీద ఒక గీత ఉండేది. అడ్డంగా, జానెడున్నర పొడుగు, గోరు పట్టేంత లోతు. మొదటిసారి చూసినప్పుడు గోడ బీటలిచ్చిందనుకుని దగ్గరికి వెళ్ళాను. మామ్మగారు మంచం మీంచే అన్నారు.

"అది బీట కాదు నాయనా. ఉప్పెన గీత. అక్కడి దాకా వచ్చాయిట నీళ్ళు. మా అత్తగారికి వాళ్ళ అత్తగారు చూపించారు. సున్నం వేయించినప్పుడల్లా ఆ గీత పూడ్చకుండా చూసుకోమని నాకు అప్పజెప్పారు."

ఎనభై ఏళ్ళు దాటిన ఆవిడ, బళ్ళో ఐదో తరగతి దాటని ఆవిడ, ఒక గీతను కాపాడటం తన పని అనుకుంది. సున్నం కూలీలు వచ్చినప్పుడల్లా కర్ర పట్టుకుని పక్కన నిలబడేదట. ఇక పెద్ద చదువులు చదివిన మన సంగతి చెబుతాను.

ఆ ఉప్పెన 1864 నవంబరు 1 రాత్రి వచ్చింది. సముద్రం పదమూడు అడుగుల ఎత్తున లేచి ఊరి మీద పడింది. ముప్పై వేల మంది పోయారు. ఒక్క రాత్రిలో. ఆ తరువాత కోటలో ఉన్న సైన్యాన్ని తెల్లదొరలు ఎత్తేశారు. రెండున్నర శతాబ్దాల పాటు కోరమాండల్ తీరంలో పేరు మోసిన రేవు ఆ దెబ్బ నుంచి మళ్ళీ పూర్తిగా లేవలేదు. ఇవాళ బందరంటే లడ్డూ, చిలకలపూడి రోల్డుగోల్డు అనుకునే వాళ్ళకు, ఈ ఊరు ఒకప్పుడు ఇంత చావు చచ్చి మళ్ళీ బతికిందని తెలియదు. తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు. చెప్పే రాయి ఒక్కటి కూడా ఆ వీధిలో లేదు. వీధిలో లేని ఆ రాయి, ఆ ఇంటి నడవాలో ఒక గీతగా ఉంది.

నేను చరిత్రకారుణ్ణి కాదు. నాకు ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, రోగుల ఇళ్ళకు వెళ్ళి వెళ్ళి పట్టింది. ఇంటికి వెళ్ళే వైద్యుడికి ఊరు లోపలి నుంచి కనిపిస్తుంది. వీధి మీద కొత్త రంగు వేసిన గోడ వెనక నూరేళ్ళ మండువా కనిపిస్తుంది. పడకగదిలో ఏ దూలం మీద ఏ సంవత్సరం చెక్కారో కనిపిస్తుంది. ఏ ఇంట్లో పెరటి బావి ఇప్పటికీ మంచినీళ్ళు ఇస్తోందో, ఏ ఇంట్లో ఉప్పు తిరిగిందో తెలుస్తుంది. ఆ వివరాలు మొదట మందుల చీటీల వెనక రాసుకునేవాణ్ణి. తరువాత నోటు పుస్తకాలు కొన్నాను. పదకొండు నిండాయి.

వాడల పేర్లతోనే మొదలుపెట్టాను. వలందపాలెం అని రోజూ అంటాం. వలందులంటే డచ్చివాళ్ళు, హాలెండు నుంచి 1605లో ఇక్కడికి ఓడ దిగినవాళ్ళు. పరాసుపేట అంటాం. పరాసులంటే ఫ్రెంచివాళ్ళు. ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పక్కర్లేదు, వాళ్ళు 1611లో వచ్చారు. ఫ్రెంచివాళ్ళ కింద ఈ ఊళ్ళో ఒక చిన్న ముక్క, మనకు స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా 1947 అక్టోబరు దాకా ఉండిపోయింది. మూడు దేశాలు ఒకదాని పక్కన ఒకటి దుకాణం పెట్టి, బందరు అద్దకం గుడ్డల కోసం కొట్టుకున్న ఊరు ఇది. ఆ వాడల్లో పుట్టి పెరిగిన పిల్లలను నా గదిలో కూర్చోబెట్టి అడుగుతుంటాను, మీ పేటకు ఆ పేరు ఎలా వచ్చిందిరా అని. పదేళ్ళుగా అడుగుతున్నాను. సరైన జవాబు చెప్పిన పిల్లలను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పానిపట్టు యుద్ధాలు మూడూ తారీఖులతో సహా చెప్పారు. తాము నిలబడ్డ నేల పేరు చెప్పలేకపోయారు. ఇది పిల్లల మీద కోపం కాదు. వాళ్ళకు చెప్పకుండా పెంచిన మన మీద కోపం.

మామ్మగారు నిరుడు మాఘమాసంలో పోయారు. నేనే 4ఎ ఫారం రాశాను. కర్మకాండలన్నీ అయ్యాక కొడుకు అమెరికా వెళ్ళిపోయాడు, కూతురు హైదరాబాదు. మంచి పిల్లలే. తల్లికి ఏ లోటూ రానివ్వలేదు. ఆషాఢంలో ఇల్లు అమ్ముతున్నారని తెలిసి ఫోను చేశాను. అమ్మొద్దని చెప్పే హక్కు నాకు లేదు. పడగొట్టే ముందు ఒక్క వారం ఆగమన్నాను. కొలతలు తీసుకుంటాను, ఫొటోలు తీయిస్తాను, ఆ గీత ఉన్న గోడ ముక్కను ఎలాగైనా విడదీయించి భద్రం చేసే ఏర్పాటు చూస్తాను, ఖర్చు నాది అన్నాను.

"అంకుల్, అందులో ఏముందండీ? పాత కొంప. చెమ్మెక్కి ఎప్పుడు కూలుతుందో అని మాకే భయం" అన్నాడు ఆ అబ్బాయి. కొన్నవాళ్ళతో చెబుతానన్నాడు. చెప్పాడో లేదో నాకు తెలియదు.

అప్పుడు కార్యాలయాల చుట్టూ తిరిగాను. పేరు రాయను, పేరు రాస్తే అది ఒక్క ఆఫీసు తప్పు అయిపోతుంది. అర్జీ పట్టుకుని వెళ్ళాను. ఫొటోలు జతచేశాను. "అది లిస్టులో లేదండీ" అన్నారు. లిస్టులోకి ఎలా వస్తుందండీ అని అడిగాను. "పైనుంచి రావాలి." పైన ఎవరిని కలవాలి? "అది మా పరిధి కాదు." రెండో చోటికి వెళ్ళాను. ప్రైవేటు ఆస్తి అన్నారు. మూడో చోట టీ ఇచ్చారు, చాలా మర్యాదగా మాట్లాడారు, మీలాంటి వాళ్ళు ఉండాలి డాక్టరు గారూ అన్నారు. నా అర్జీ మీద ముద్ర వేసి తిరిగి నా చేతికే ఇచ్చారు. ఆ మర్యాదే నన్ను ఎక్కువ కాల్చింది. కసిరి పంపినా బాగుండేది, కనీసం విన్నట్టు ఉండేది.

చట్టం సంగతి నేను చదువుకున్నాను. కేంద్రానిది 1958 చట్టం, రాష్ట్రానిది 1960 చట్టం. కేంద్రం జాబితాలోకి ఎక్కిన కట్టడానికి చుట్టూ వంద మీటర్ల లోపు ఇటుక పెట్టనివ్వరు, ఆపై రెండు వందల మీటర్ల దాకా అనుమతి కావాలి. బందరులో డచ్చివాళ్ళ సమాధులకు ఆ రక్షణ ఉంది. ఉండాలి కూడా. ఆ సమాధి రాళ్ళ మీద చెక్కిన వంశచిహ్నాలు, ఆ అక్షరాల పొందిక చూస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. కానీ నా ప్రశ్న ఇది. ఇక్కడికి సరుకు కోసం వచ్చి చచ్చిపోయిన పరాయివాడి సమాధికి చట్టం ఉంది. ఇక్కడే పుట్టి, ఇక్కడే నేసి, అద్ది, ఉప్పెనలో కొట్టుకుపోగా మిగిలి, మళ్ళీ పొయ్యి వెలిగించిన మనవాళ్ళ ఇంటికి ఎందుకు లేదు? కోటలు, గుళ్ళు, గోరీలు చరిత్ర అయ్యాయి. మండువా లోగిలి చరిత్ర ఎందుకు కాలేదు? జాబితా రాసినవాళ్ళకు మన ఇళ్ళు కనబడలేదు సరే. స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్ళయినా మనకు కనబడకపోవడానికి కారణం ఏమిటి?

నాకు ఈ ఊళ్ళో ఒక పెద్ద దిక్కు ఉన్నాడు. డాక్టర్ భోగరాజు పట్టాభిసీతారామయ్య. ఇదే బందరులో నాడి పట్టుకుని చూసిన వైద్యుడు. ఆయన, కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు కలిసి 1910లో జాతీయ కళాశాల నిలబెట్టారు. పింగళి వెంకయ్య పాఠం చెప్పిన చోటు అది. అడివి బాపిరాజు ప్రిన్సిపాలుగా ఉన్న చోటు అది. పట్టాభి 1923లో ఇదే ఊళ్ళో ఆంధ్రా బ్యాంకు పెట్టాడు. 1935లో కాంగ్రెసు చరిత్ర రాశాడు. రోగులను చూసే మనిషికి చరిత్రతో పనేమిటని నన్ను అడిగేవాళ్ళకు నేను చెప్పే జవాబు ఆయనే. ఆ బ్యాంకు పేరు 2020 ఏప్రిల్ 1న పోయింది, నూరేళ్ళు నిండటానికి మూడున్నరేళ్ళ ముందు. ఉద్యోగులు గొడవ చేశారు. ఊరు మాత్రం పాసుబుక్కు మార్చుకుని ఇంటికి వచ్చేసింది. ఆ రోజు లాక్‌డౌను అని సర్దిచెబుతారు. లాక్‌డౌను ఎత్తేశాక ఏం చేశాం?

ఇల్లు ఎలా పోయిందో రాయాల్సిన వాళ్ళు రాయలేదు కనుక నేను రాస్తాను. నాకు తెలిసిన పద్ధతిలో.

ప్రాణం తీసిన కారణం జేసీబీ. అది అందరూ చూశారు. కానీ జేసీబీ దాకా ఎందుకు వచ్చింది? చెమ్మ ఎక్కి గోడలు గుల్లబారాయి కనుక. ఆ చెమ్మ ఎప్పటిది? ఇక్కడే మూలం ఉంది. నేను ఆ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టిన మూడో ఏటో నాలుగో ఏటో, కింది గోడలకు సున్నం పెచ్చులూడుతోందని కొడుకు డబ్బు పంపి సిమెంటు పూత పూయించాడు. ప్రేమతో చేసిన పని. బందరు నేలలో ఉప్పు ఉంది. ఇటుక గోడ ఆ ఉప్పునీటిని కింది నుంచి పీలుస్తుంది. సున్నం పూత ఉన్నంతకాలం ఆ తడి బయటికి ఆరిపోతుంది, ఉప్పు పొడిగా రాలిపోతుంది, ఏటా ఒకసారి దులిపి సున్నం కొట్టుకుంటే గోడ పది తరాలు ఉంటుంది. సిమెంటు వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. తడి పైకి ఎక్కుతుంది. నడుము ఎత్తు చెమ్మ మూడేళ్ళలో తలెత్తు అయింది. ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకను పొడి చేస్తుంది. గోడలో దిగిన దూలం కొస పుచ్చిపోతుంది. పైన సిమెంటు మాత్రం నున్నగా ఉంటుంది. కాలు వాచిన రోగికి బిగుతు మేజోడు తొడిగి వాపు కనిపించడం లేదని సంతోషించినట్టు.

నేను ఆ చెమ్మ గీత ఏటేటా పైకి పోవడం కళ్ళారా చూశాను. గోడకు చెయ్యి ఆనిస్తే చల్లగా, జిగటగా తగిలేది. సిమెంటు గీకించి మళ్ళీ సున్నం పూయించమని రెండుసార్లు చెప్పాను. గానుగ సున్నం చేసే మేస్త్రీ దొరకలేదు. ఊళ్ళో మిగిలిన ఒకాయనకు కళ్ళు కనబడవు. ఆయన కొడుకు సెంట్రింగు పనికి పోతున్నాడు. ఎవరైనా ఒక పాలిటెక్నిక్‌లో ఆయనను కూర్చోబెట్టి పది మంది కుర్రాళ్ళకు ఆ పని నేర్పించి ఉంటే, ఆ ఇల్లు బతికేది. ఉప్పుగాలిలో ఇనుప చువ్వ తుప్పుపట్టి శ్లాబులు పేలుతున్న ఈ ఊళ్ళో ఆ పది మందికి జీవితాంతం పని దొరికేది. ఆ ఖర్చు ఒక స్వాగత ద్వారం ఖర్చులో ఎన్నో వంతు?

అందుకే ఫారంలో మూడో గడిలో నేను రాసేది ఒకటే మాట. పట్టించుకోకపోవడం. ఉప్పెనకు నిలబడ్డ ఇల్లు దీనికి నిలబడలేదు.

మా డాక్టర్ల సంఘం సమావేశంలో ఈ సంగతి ఎత్తాను. పక్క కుర్చీలో నా కన్నా పదేళ్ళు చిన్నవాడు, బాగా తెలివైనవాడు, "సార్, ఆ గీత ఉంటే ఏమిటి, పోతే ఏమిటి?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగా అడిగాడు. అతనికి ఆ రోజు నా గొంతు లేచి సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

ఉప్పెన 1864లో వచ్చింది. 1977 నవంబరు 19న పక్కనే దివిసీమను ఊడ్చేసింది. వేల మంది పోయారు, శవాలు చెట్ల కొమ్మల్లో చిక్కుకున్నాయి. మళ్ళీ రాదని ఎవరు హామీ ఇచ్చారు? మనం కొత్త రేవు కడుతున్నాం, దాని చుట్టూ కొత్త కాలనీలు లేపుతున్నాం. మనుషులు పడుకునే మంచం ఏ ఎత్తులో ఉండాలి, ఆస్పత్రిలో ఆక్సిజను యంత్రం ఏ అంతస్తులో పెట్టాలి, జనరేటరు ఎంత ఎత్తు దిమ్మె మీద ఉండాలి, ఇవన్నీ నీళ్ళు ఒకప్పుడు ఎంత ఎత్తుకు వచ్చాయో తెలిస్తేనే చెప్పగలం. సముద్రపు ఒడ్డున పదమూడు అడుగులని పుస్తకంలో ఉంది. ఊరి లోపల, ఫలానా వీధిలో, ఫలానా గడప మీద ఎంత? ఆ లెక్క పుస్తకంలో లేదు. అది ఆ గోడ మీద ఉంది. నూట అరవై ఏళ్ళు నలుగురు కోడళ్ళు కర్ర పట్టుకుని కాపలా కాసిన కొలత అది. దాన్ని మనం అరపూటలో గుల్ల చేసి గుంటలో పోశాం. రోగి పాత రిపోర్టు చింపేసి, మళ్ళీ జబ్బు వస్తే చూద్దాంలే అనే వైద్యుణ్ణి మీరు క్షమిస్తారా? మరి ఊరి విషయంలో ఎందుకు క్షమిస్తున్నారు?

ఇందులో నా పాపం కూడా ఉంది, దాచను. పదహారేళ్ళు ఆ గీత ముందు నుంచి నడిచాను. బ్యాగులో స్టెతస్కోపు ఉంది, బీపీ యంత్రం ఉంది, ఒక కొలత టేపు మాత్రం వేసుకోలేదు. ఈసారి వచ్చినప్పుడు కొలుద్దాం అనుకుంటూ వచ్చాను. పడగొడుతున్నారని కబురు అందేటప్పటికి నా గదిలో నలభై మంది ఉన్నారు. ఒక పసివాడికి ఫిట్సు. వాణ్ణి వదిలి రాలేను. వెళ్ళేసరికి నడవా లేదు.

నా దగ్గర మిగిలింది ఫోనులో ఒక్క ఫొటో. నాలుగేళ్ళ కిందట సంక్రాంతి రోజు తీశాను. మామ్మగారు గోడకు ఆనుకుని నిటారుగా నిలబడ్డారు, పక్కన గీత కనిపిస్తోంది, సరిగ్గా ఆవిడ కనుబొమల ఎత్తులో ఉంది. ఇల్లు పోయిన రాత్రి క్లినిక్కు తెరిచి ఆవిడ పాత కాగితాలు తీశాను. అదే ఏడాది తూకమూ ఎత్తూ రాసి ఉన్నాయి. నాలుగు అడుగుల పది అంగుళాలు. కనుబొమల దాకా అంటే నాలుగు అంగుళాలు తగ్గించాలి. నాలుగున్నర అడుగులు వచ్చింది. కానీ అది ఇంటి లోపల నేల మీంచి. వీధి మీంచి ఎంత? మూడు రాతిమెట్లు ఉండేవి, వాటి మీంచి అరుగు, అరుగుతో సమానంగా వసారా, నడవా.

రెండు రోజులు వాకబు చేస్తే ఆ మట్టి ఎక్కడ పోశారో తెలిసింది. ఊరి చివర ఒక చెరువు గుంట పూడుస్తున్నారు. ఆదివారం పొద్దున టేపు తీసుకుని వెళ్ళాను. రెండు రాళ్ళు దొరికాయి. ఒకటి సగానికి విరిగింది, కానీ మందం తెలుస్తోంది. అంచు నడిచి నడిచి అరిగి నునుపెక్కింది. బురద తుడిచి కొలిచాను. ఏడు అంగుళాలు. రెండోదీ ఏడే. మూడోదీ అంతే అనుకుంటే ఇరవై ఒకటి. మొత్తం ఆరు అడుగుల మూడు అంగుళాలు. ఆ వీధిలో ఆ రాత్రి నేను నిలబడి ఉంటే నీళ్ళు నా తల మీంచి పోయేవి.

అదైనా ఇవాళ్టి రోడ్డు మీంచి లెక్క. ఆ రోడ్డును ఎన్నిసార్లు పైకి లేపారు? నాకు తెలిసే నాలుగుసార్లు తారు మీద తారు, దాని మీద సిమెంటు పడింది. అడుగున ఇంకెన్ని మెట్లు పూడిపోయాయో. ఏ ఏడాది ఎన్ని అంగుళాలు లేపారో కాగితం ఉంటుంది కదా అని సోమవారం మళ్ళీ ఆఫీసుకు వెళ్ళాను. అదే కుర్చీ, అదే మనిషి. పాత ఫైళ్ళు గది ఖాళీ చేసినప్పుడు తీసేశారట. ఎక్కడ వేశారని అడిగాను.

"అవన్నీ ఇప్పుడెందుకండీ డాక్టరు గారూ" అన్నాడు.